కథ చెప్పడానికి పిలుస్తారు, రూలు రాసేటప్పుడు పిలవరు

పోయిన నెల ఒక మీటింగుకి పోయొచ్చాను. పేద కుటుంబాల్లో పిల్లల కోసం ప్రభుత్వం ఏం చేయాలి అని చర్చ. పెద్ద హోటల్ హాలు, ఏసీకి ఒళ్ళు వణికింది. ఎవరు పెట్టారో చెప్పను, వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. కానీ అప్పట్నుంచి కడుపులో ఒకటే మంట. ఈరోజు ఆదివారం, బట్టలు నానేసి కూర్చున్నా, రాసేస్తున్నా. పొడుగైతే తిట్టుకోకండి.

మాది కదిరి దగ్గర పల్లె. 2014లో ఏడాది పాపను చంకనేసుకుని బెంగళూరొచ్చాం. ఆయన సెంట్రింగ్ పని, నేను బొమ్మనహళ్ళి వైపు గార్మెంట్స్‌లో టైలర్ని. రెండోవాడు ఇక్కడే పుట్టాడు. నన్ను పిలిచింది ఎందుకంటే నాకు 'లివ్డ్ ఎక్స్‌పీరియన్స్' ఉందంట. అంటే పేదరికం అనుభవించినదాన్ని అని. మా ఆయనకి చెబితే "అదేందే, మన వీధి వీధంతా అదే కదా" అని నవ్వాడు.

ఐదు నిమిషాలు ఇచ్చారు. మైకు చేతికిచ్చే ముందు ఒక మేడం చెవిలో, "లాక్‌డౌన్ రోజులు చెప్పమ్మా, బాగా కదిలిస్తాయి" అంది. చెప్పాను. బియ్యం కడుగు నీళ్ళలో ఉప్పేసి కాచి పిల్లలకు తాగించిన సంగతి. ముందు వరసలో ఒకామె కళ్ళు తుడుచుకుంది, ఫోటోలు తీశారు. నేను బ్లౌజులోంచి కాగితం తీశాను. ముందురోజు రాత్రి మా పాపతో లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో రాయించుకున్నా, ఏ రూలు ఎక్కడ మా కాళ్ళకు అడ్డం పడుతుందో. మడత విప్పేలోపలే బెల్లు కొట్టారు. శాలువా కప్పారు, గోనె సంచి ఒకటి ఇచ్చారు. సీటుకొచ్చి కూర్చున్నా. ఆ రోజు జీతం పోయింది, నెల అటెండెన్స్ బోనసూ పోయింది.

తర్వాత స్లైడులు. అమెరికాలో 2021లో పిల్లలున్న ఇళ్ళకు నెల నెలా డబ్బులు వేశారంట, ఆరేళ్ళలోపు పిల్లలకైతే తలకు 300 డాలర్ల దాకా. పేదరికంలో ఉన్న పిల్లలు ఆ ఏడు 5.2 శాతానికి పడిపోయారంట. ఆపేశారు, మరుసటి ఏడు 12.4 అయింది. అందరూ తలలు ఊపుతున్నారు. తల్లి చేతిలో డబ్బు పడితే ఇంట్లో పొయ్యి వెలుగుతుందని తెలుసుకోడానికి అమెరికా దాకా పోవాలా? నా సంచిలో కాగితం ఉంది కదా.

సరే, అక్కడ చదవనిది ఇక్కడ చదువుతా.

మా రేషన్ కార్డు ఆంధ్రాది. 'వన్ నేషన్ వన్ రేషన్' పుణ్యమా అని కేంద్రం ఇచ్చే తలకు 5 కిలోల బియ్యం ఇక్కడా వస్తాయి, అది మంచిదే, కాదనను. కానీ కర్ణాటక తన సొంతంగా ఇచ్చేవన్నీ ఇక్కడి కార్డుకే. 2023 ఆగస్టు నుంచి ఇంటి ఆడమనిషికి నెలకు 2,000 ఇస్తున్నారు, గృహలక్ష్మి. నాకు లేదు. పోనీ ఆంధ్రాలో? 2025లో 'తల్లికి వందనం' వచ్చింది, ఎంతమంది పిల్లలు చదువుతుంటే అంతమందికీ. మా వదినకి ఇద్దరికీ పడింది. నా పిల్లలు బెంగళూరు స్కూల్లో ఉన్నారు కాబట్టి అదీ లేదు. రెండు ప్రభుత్వాలూ తల్లులకే ఇస్తున్నాయి. నేను మాత్రం ఇటు కోడలూ కాదు, అటు కూతురూ కాదు.

"ఇక్కడికి కార్డు మార్చుకోవచ్చు కదా" అని ఒక సారు అడిగాడు, టీ తాగుతూ. మార్చుకోవచ్చు సార్. దానికి ఇక్కడి అడ్రస్ కావాలి. అడ్రస్‌కి అద్దె అగ్రిమెంటు కావాలి. అగ్రిమెంటు అడిగితే ఓనరు "నచ్చకపోతే ఖాళీ చేయమ్మా" అంటాడు. ఖాళీ చేస్తే ఇంకో ఇంటికి అడ్వాన్స్ కావాలి. మూడేళ్ళుగా అక్కడక్కడే తిరుగుతున్నా. బస్సులో ఆడవాళ్ళకు ఫ్రీ పెట్టిన కొత్తలో నా ఆధార్ చూపిస్తే కండక్టరు వెనకా ముందూ తిప్పి చూసి "ఆంధ్రా అడ్రెస్సు, దుడ్డు కొడి" అన్నాడు. మా సీమలోనూ డబ్బుని దుడ్డు అనే అంటాం, అనువాదం అవసరం పడలేదు.

అద్దె అగ్రిమెంటు లేకున్నా స్కూలు సర్టిఫికెట్టో, ఫ్యాక్టరీ పీఎఫ్ నంబరో చూసి కార్డు ఇస్తే? ఒక్క లైను మారిస్తే చాలు. ఆ లైను ఎక్కడుందో మాకు తెలుసు, ఎందుకంటే మేం దానికే తట్టుకుని పడుతున్నాం.

ఇంకొకటి, పిల్లల గది సంగతి. ఆడవాళ్ళు 50 మందికి మించితే ఫ్యాక్టరీలో ఆరేళ్ళలోపు పిల్లలకు గది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నాడే రాశారు, 1976లో దాన్ని 30 మందికి తగ్గించారు. నేను మొదట చేసిన చోటా ఉండేది, తాళం వేసి. బయ్యర్, అంటే మేం కుట్టే బట్టలు కొనే కంపెనీవాళ్ళు, వచ్చే రోజు తాళం తీసి, గోడకి మిక్కీమౌస్ బొమ్మ తుడిచి, ఎవరెవరి పిల్లలనో తెచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. అది మోసమే. కానీ నిజంగా తెరిచి పెట్టినా నేను పాపను తీసుకుపోయేదాన్ని కాదు, ఇది ఏ రిపోర్టులోనూ రాయరు. పొద్దున ఏడున్నరకి టెంపోలో ఒకరి మీద ఒకరం నిలబడి పోతాం, అందులో చంటిబిడ్డతోనా? గది మా ఇళ్ళ దగ్గర ఉండాలి. మా వీధి అంగన్‌వాడీ నాలుగింటికి మూసేస్తారు, మా షిఫ్టు ఐదున్నరకి వదులుతారు. ఆ గంటన్నర కోసం మా లైన్లో ఒకామె పదేళ్ళ కూతుర్ని స్కూలు మానిపించింది, తమ్ముణ్ణి చూసుకోడానికి. అంగన్‌వాడీ టీచరుని ఇంకో రెండు గంటలు ఊరికే చేయమనట్లేదు, ఆమెకి ఇచ్చేదే తక్కువ. ఇంకొకామెని పెట్టండి, జీతం ఇవ్వండి. మా వీధిలోనే ఆ పని చేసేవాళ్ళు దొరుకుతారు.

కాన్పు డబ్బుల గురించి ఎక్కువ రాయను, బీపీ వస్తుంది. రెండోవాడు పుట్టినప్పుడు కేంద్రం పథకం మొదటి కాన్పుకే అన్నారు. ఇప్పుడు రెండోదానికీ 6,000 ఇస్తున్నారు, ఆడపిల్ల పుడితేనే. ఆడపిల్లని కాపాడాలనే కదా, అర్థమైంది. మరి మగబిడ్డని కన్న తల్లికి రక్తం పోదా?

'చదువురాని వాళ్ళకి పాలసీలు ఏం తెలుస్తాయి' అని కింద ఎవరో ఒకరు రాస్తారు, నాకు తెలుసు. 90ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి పోయిన ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. వాళ్ళలో ముందు నిలబడిన రోశమ్మ పేరు వినే ఉంటారు. ఆ ఊరిని చూసి ఊరూరా లేచారు, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా బంద్ అయింది. తాగొచ్చిన మొగుడు కూలి డబ్బు తగలేస్తే పిల్లలకి ఏమవుతుందో వాళ్ళకంటే తెలిసిన ఆఫీసరు ఉన్నాడా?

అంత దూరం ఎందుకు, 2016 ఏప్రిల్‌లో హోసూరు రోడ్డు మీద నేనే ఉన్నా. పీఎఫ్‌లో కంపెనీ వేసిన వాటా 58 ఏళ్ళదాకా తీసుకోకూడదని రూలు తెచ్చారు. ఢిల్లీలో అది ముసలితనానికి దాచే డబ్బు. మా దగ్గర పీఎఫ్ అంటే జూన్‌లో స్కూలు ఫీజు, ఇల్లు మారితే అడ్వాన్స్, అమ్మకి ఆపరేషన్. ఎవరూ పిలవకుండానే లైన్లు లైన్లు బయటికొచ్చేశాం. రెండోరోజు బస్సులు తగలబడ్డాయి, లాఠీలు పడ్డాయి, అవి నాకు నచ్చలేదు, దాచను. ఏప్రిల్ 19 సాయంత్రానికి రూలు వెనక్కి తీసుకున్నారు. ప్రకటించింది అప్పటి కేంద్ర కార్మిక మంత్రి బండారు దత్తాత్రేయ, తెలుగాయనే. రూలు రాసే ముందు మాలో పదిమందిని కూర్చోబెట్టి అడిగుంటే హోసూరు రోడ్డు రెండు రోజులు ఆగేది కాదు కదా.

మొన్న బుధవారం ఆ మేడం మళ్ళీ ఫోన్ చేసింది. ఇంకో మీటింగంట, ఈసారి అధికారులు కూడా వస్తారంట, "మీరు చెప్పింది అందరికీ బాగా తగిలిందమ్మా, అదే మళ్ళీ చెప్పండి" అంది. నేను అన్నా: మేడం, వస్తాను. కానీ ఆదివారం పెట్టండి, లేదా పోయే జీతం ఇవ్వండి. పిల్లల్ని చూసుకోడానికి ఒక మనిషిని పెట్టండి. మాట్లాడే రూలు కాగితం వారం ముందే తెలుగులోనో కన్నడలోనో పంపండి, నలుగురం చదువుకుని వస్తాం. బియ్యం నీళ్ళ కథ ఇంక చెప్పను.

కాసేపు మాట్లాడలేదు. "పైవాళ్ళని అడిగి చెప్తానమ్మా" అంది.

ఇంకా చేయలేదు. కాగితం అలాగే ఉంది, మా పాప ఇంకో రెండు లైన్లు చేర్చింది.