ఫార్మసీ చదివేవాళ్లు మూడో ఏడాదిలోనే తేల్చుకోవాల్సిన సంగతి

ఏటా ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో మా బంధువుల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "తమ్ముడూ, అమ్మాయికి ఎంబీబీఎస్ సీటు రాలేదు, బీడీఎస్ ఫీజు మా వల్ల కాదు, బీఫార్మసీలో చేర్పిద్దామా, ఉద్యోగాలు ఉంటాయా?" అని అడుగుతారు. నేను బీఫార్మసీ చదివి కొన్నేళ్లు ట్యాబ్లెట్లు తయారు చేసే కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేశాను, అందుకే నాకు ఫోన్. ఉంటాయి అక్కా అంటాను. కానీ అంతటితో ఊరుకుంటే ఆ అమ్మాయికి అన్యాయం చేసినట్టే. ఇదే డిగ్రీతో ఒకరు రాత్రి షిఫ్టులో, మాత్రల కోసం పొడిని గుళికలుగా మార్చే గ్రాన్యులేషన్ గదిలో నిలబడతారు, ఇంకొకరు మాదాపూర్‌లో ఏసీ ఆఫీసులో కూర్చుని ఎక్కడో అమెరికాలో ఒక పెద్దాయనకి మాత్ర వేసుకున్నాక దద్దుర్లు వచ్చిన కేసు రాస్తారు, మరొకరు నెలాఖరు టార్గెట్ కోసం బైక్ మీద క్లినిక్‌ల చుట్టూ తిరుగుతారు. ఈ ముగ్గురి రోజులకీ పోలికే లేదు. ఏది మీకు సరిపడుతుందో మూడో ఏడాదిలోనే తేల్చుకోవాలి, ఎందుకంటే ఒక్కోదానికి చేయాల్సిన తయారీ వేరు. చాలామంది ఆఖరి సెమిస్టర్‌లో కంపెనీలు క్యాంపస్‌కి వచ్చినప్పుడు మొదటిసారి ఆలోచిస్తారు, ఏది ముందు వస్తే దాంట్లో చేరిపోతారు, రెండేళ్లకి ఇది నా పని కాదేమో అని బాధపడతారు.

మన దగ్గర ఫార్మా అనగానే ఫ్యాక్టరీ గుర్తొస్తుంది, అది సహజమే. 1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ మందుల కంపెనీ ఐడీపీఎల్ బాలానగర్‌లో కర్మాగారం పెట్టాక ఇక్కడ పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పుట్టిన అంజిరెడ్డి గారు కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే, 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల దగ్గర పోలేపల్లి, విశాఖ దగ్గర పరవాడ, శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం ఇవన్నీ ఇప్పుడు ఉద్యోగం వెతుక్కునే పిల్లలకి నోటికొచ్చిన పేర్లు. అయితే ఒక విషయం కాలేజీల్లో ఎవరూ చెప్పరు. మన ప్రాంతానికి పేరు తెచ్చింది ప్రధానంగా బల్క్ డ్రగ్, అంటే మందులోని అసలు రసాయనం తయారీ. ఆ పనికి కంపెనీలు ఎక్కువగా ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ వాళ్లనీ కెమికల్ ఇంజనీర్లనీ తీసుకుంటాయి. బీఫార్మసీ వాళ్ల బలం ఆ రసాయనాన్ని మాత్రగా, క్యాప్సూల్‌గా, ఇంజెక్షన్‌గా మార్చే ఫార్ములేషన్ వైపు ఉంటుంది. కాబట్టి దరఖాస్తు చేసే ముందు ఆ యూనిట్‌లో ఏం తయారవుతుందో కనుక్కోండి. చట్టం కూడా మనవైపు కాస్త మొగ్గింది. మందుల తయారీని పర్యవేక్షించే టెక్నికల్ సిబ్బందిగా ఆమోదం పొందడానికి ఫార్మసీ డిగ్రీ ఉన్నవారికి 18 నెలల అనుభవం చాలు, కెమిస్ట్రీ డిగ్రీ వారికి 3 ఏళ్లు కావాలి. ఇది నాకు ఉద్యోగంలో చేరిన తర్వాత గానీ తెలియలేదు.

ఫ్యాక్టరీలో మూడు రకాల పనులు. ప్రొడక్షన్‌లో మెషీన్లు, మనుషులు, షిఫ్టులు. క్వాలిటీ కంట్రోల్‌లో మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు గంటలు గడుస్తాయి, చెయ్యి నిలకడగా ఉండాలి, ఓపిక ఉండాలి. క్వాలిటీ అస్యూరెన్స్‌లో కాగితాలు: బ్యాచ్ రికార్డులు, డీవియేషన్లు (పద్ధతి తప్పిన చోట్ల రాసే వివరణలు), ఆడిట్లు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్ వచ్చి రెండు రీడింగుల మధ్య టైమ్ ఎందుకు కుదరలేదు అని అడిగితే యూనిట్ మొత్తం ఊపిరి బిగబట్టుకుంటుంది. జరిగింది జరిగిన నిమిషంలోనే రాయాలి, తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే ఎంత నిజమైనా తప్పే. ఇది మా కాలేజీ ల్యాబ్‌లో నేర్పలేదు సరికదా, రీడింగులు పక్కవాడి రికార్డు చూసి రాసుకోవడం అలవాటు చేసుకుని బయటికొచ్చాం. మొదటి ఆరు నెలలు ఆ అలవాటు మానుకోవడానికే సరిపోయింది. ఇప్పుడు చదువుతున్నవాళ్లు కనీసం ఆ ఒక్కటి చేయకండి. మీకు వచ్చిన తప్పు రీడింగే మీ రికార్డులో ఉండనివ్వండి.

తల్లిదండ్రులు ప్రమాదాల గురించి అడుగుతున్నారు, అడగాలి కూడా. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా యూనిట్‌లో ప్రమాదం జరిగి 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో 40 మందికి పైగా ప్రాణాలు పోయాయి. పాశమైలారం యూనిట్‌లో తయారయ్యేది ఎంసీసీ (మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్), మాత్రల్లో కలపడానికి ప్రతి బీఫార్మసీ విద్యార్థీ ల్యాబ్‌లో తూచే తెల్లటి పొడి. ఆ వార్త విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. మాకు ఆ పొడి గురించి అది మాత్రకి ఎలా గట్టిదనం ఇస్తుందో చెప్పారు, సన్నని పొడి గాల్లో లేస్తే అంటుకుంటుందని, పేలుతుందని చెప్పినవాళ్లు లేరు. ఇంటర్వ్యూలో జీతం ఎంత అని అడగడానికే మొహమాటపడతాం, కానీ సేఫ్టీ శిక్షణ ఎన్ని రోజులు ఇస్తారు, మాక్ డ్రిల్ చివరిసారి ఎప్పుడు చేశారు అని అడిగే హక్కు మీకుంది. ఆ ప్రశ్నకి చిరాకు పడే కంపెనీలో చేరకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

షిఫ్టులు, దుమ్ము వద్దనుకునేవాళ్లకి డెస్క్ ఉద్యోగాలు ఉన్నాయి. ఫార్మకోవిజిలెన్స్ (మందుల సైడ్ ఎఫెక్టుల కేసులు నమోదు చేయడం), రెగ్యులేటరీ అఫైర్స్ (మందుల అనుమతులకి పత్రాలు తయారు చేయడం), మెడికల్ రైటింగ్, మెడికల్ కోడింగ్ (జబ్బులకి, చికిత్సలకి కోడ్‌లు వేయడం), క్లినికల్ డేటా (మనుషుల మీద మందుల పరీక్షల వివరాలు చూడటం). హైదరాబాద్‌లో వీటికి గిరాకీ బాగానే ఉంది. కానీ వీటికి కావాల్సింది ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకుని తప్పు లేకుండా రాయగలగడం. సబ్జెక్ట్ బాగా వచ్చిన తెలుగు మీడియం పిల్లలు ఇక్కడే ఆగిపోతుంటే బాధేస్తుంది, ఎందుకంటే అది ఏడాదిలో సరిచేసుకోగలిగిన లోటు. రోజూ ఒక మందు ప్యాకెట్‌లో వచ్చే కరపత్రం తీసుకుని, అందులోని సైడ్ ఎఫెక్టుల భాగం చదివి సొంత మాటల్లో పది లైన్లు రాయండి. ఈ పనుల్లో వాడే సాఫ్ట్‌వేర్ మీద అమీర్‌పేటలో వేలకి వేలు కట్టించుకుని నేర్పే కోర్సు కంటే ఇది ఎక్కువ పనికొస్తుంది, సాఫ్ట్‌వేర్ ఎలాగూ కంపెనీయే నేర్పుతుంది.

ఎంఫార్మసీ చేయాలనుకుంటే జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష జీప్యాట్ రాయడం మంచిది. అర్హత సాధించి గుర్తింపు ఉన్న కాలేజీలో చేరితే నెలకి 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. పరిశోధన మీద మనసుంటే ఫార్మా చదువుకి కేంద్రం పెట్టిన సంస్థ నైపర్ ఉంది. హైదరాబాద్ నైపర్ 2007లో మొదలైంది కూడా ఆ బాలానగర్ ఐడీపీఎల్ ఆవరణలోనే. ఉద్యోగం దొరకలేదు కదా అని ఏదో ఒక ఎంఫార్మసీలో చేరడం మాత్రం వద్దు, రెండేళ్ల తర్వాత ఇదే ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది.

ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చని చేర్పిస్తున్నవాళ్లు చాలామంది. ఈ కోర్సు మన దేశంలో 2008లో వచ్చింది, ఆరేళ్లు, అందులో చివరి ఏడాది ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్. వార్డులో రోగి కేస్ షీట్ చూసి ఈ రెండు మందులు కలిస్తే ప్రమాదం, కిడ్నీ పరిస్థితిని బట్టి ఈ డోసు తగ్గించాలి అని డాక్టర్‌కి చెప్పగలిగే మనిషిని తయారు చేయడం దీని ఉద్దేశం. చాలా విలువైన పని. కానీ మన ఆస్పత్రుల్లో ఆ పనికంటూ పోస్టులు తక్కువ, పెద్ద కార్పొరేట్ ఆస్పత్రుల్లో కొన్ని ఉన్నాయి, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇంకా రావాలి. దాంతో ఆరేళ్లు చదివినవాళ్లు కూడా ఫార్మకోవిజిలెన్స్‌లో బీఫార్మసీ వాళ్ల పక్కన అదే డెస్క్‌లో కూర్చుంటున్నారు. ఈ కోర్సు నడిపే కాలేజీకి కనీసం 300 పడకల ఆస్పత్రి అందుబాటులో ఉండాలని నిబంధన. చేరే ముందు ఆ ఆస్పత్రికి ఒక ఉదయం వెళ్లి విద్యార్థులు వార్డుల్లో నిజంగా తిరుగుతున్నారా, కారిడార్‌లో నిలబడి సంతకం పెట్టి వెళ్లిపోతున్నారా చూడండి. విదేశాల్లో ఫార్మసిస్ట్ అవ్వాలన్నా ఇక్కడో తేడా ఉంది. అమెరికాలో విదేశీ డిగ్రీతో లైసెన్స్ దారిలోకి వెళ్లాలంటే 2003 తర్వాత చదివినవారికి కనీసం ఐదేళ్ల ఫార్మసీ చదువు ఉండాలి. నాలుగేళ్ల బీఫార్మసీ సరిపోదు. అక్కడికి వెళ్లి ఎమ్మెస్ చేస్తే కంపెనీ ఉద్యోగం రావచ్చు గానీ అది ఫార్మసిస్ట్ లైసెన్స్ ఇవ్వదు. అప్పు చేసి వెళ్లాక ఇది తెలుసుకున్నవాళ్లు నాకు తెలుసు.

ప్రభుత్వ ఉద్యోగమంటే ప్రధానంగా రెండు. ఫార్మసిస్ట్ గ్రేడ్-2కి తెలంగాణలో 2024లో 633 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చింది, దానికి డీఫార్మసీ, అంటే డిప్లొమా, చాలు కాబట్టి పోటీ విపరీతం. డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కి డిగ్రీ కావాలి, పోస్టులు బాగా తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. ఉద్యోగం చేసుకుంటూ రాయండి, దీని కోసం గదిలో కూర్చుని నాలుగేళ్లు పోగొట్టుకోవద్దు.

ఇక మందుల షాపు. అందరూ చిన్నచూపు చూసే దారి ఇదే, నా దృష్టిలో ప్రజలకి అత్యంత దగ్గరగా ఉండే పని కూడా ఇదే. మా ఊళ్లో జ్వరమొస్తే మనుషులు ముందు వెళ్లేది మందుల షాపుకే. అక్కడ చదువుకున్న ఫార్మసిస్ట్ ఉంటే యాంటీబయాటిక్ రెండు మాత్రలు చించి ఇవ్వమన్నప్పుడు ఎందుకు ఇవ్వకూడదో చెప్తాడు, డాక్టర్ చీటీ ఉంటేనే ఇవ్వాల్సిన షెడ్యూల్ హెచ్1 మందులు అమ్మితే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాస్తాడు, బీపీ మాత్రలు ఆపేసిన ముసలాయన్ని పిలిచి మందలిస్తాడు. చట్టం ప్రకారం రిజిస్టర్ అయిన ఫార్మసిస్ట్ పర్యవేక్షణలోనే ఈ మందులు ఇవ్వాలి. కానీ జరుగుతున్నది అందరికీ తెలుసు, సర్టిఫికెట్ అద్దెకిస్తారు. నెలకి కొంత డబ్బు బ్యాంకులో పడుతుంది, మనిషి వేరే ఊళ్లో వేరే ఉద్యోగంలో ఉంటాడు, కౌంటర్‌లో పదో తరగతి చదివిన కుర్రాడు మందులిస్తుంటాడు. అద్దెకిచ్చేవాళ్లలో చాలామంది చెడ్డవాళ్లేం కాదు, ఏ దారీ తేల్చుకోకుండా డిగ్రీ పూర్తి చేసి బీపీఓలోనో బ్యాంకు కోచింగ్‌లోనో తేలినవాళ్లు, ఊరికే పడున్న కాగితమే కదా అనుకున్నవాళ్లు. ఆ కుర్రాడు పసిపిల్లకి పెద్దల డోసు ఇస్తే దానికి బాధ్యుడిగా గోడ మీద ఉన్నది మాత్రం వీళ్ల పేరే.

నా రిజిస్ట్రేషన్ చేతికొచ్చిన నెలలోనే మా ఊళ్లో ఒకాయన ఇంటికొచ్చాడు. నాన్నతో మాట్లాడి, "అబ్బాయి రావక్కర్లేదండీ, సర్టిఫికెట్ ఇస్తే చాలు, ప్రతి ఒకటో తారీకుకి డబ్బు వేస్తాం" అన్నాడు. అప్పటికి నాకు ఇంకా ఉద్యోగం రాలేదు, ఇంట్లో ఆ డబ్బు అవసరమే. కుదరదని చెప్పాను, నాన్న నాలుగు రోజులు ముభావంగా ఉన్నాడు. షాపు నెల తిరక్కుండానే తెరుచుకుంది. ఇప్పటికీ పండక్కి ఊరెళ్లినప్పుడు చూస్తుంటాను, ఫ్రేమ్ కట్టిన ఆ సర్టిఫికెట్ మీద ఉన్న ఫోటోలోని మనిషి ఒక్కసారి కూడా అక్కడ కనబడలేదు.