సవరణ: డాన్యూబ్ క్రూజ్‌లో బాల్కనీ గది గురించి

డాన్యూబ్ నది క్రూజ్ గురించి మొన్న పెట్టిన పోస్టులో "డబ్బు ఎక్కువైనా బాల్కనీ గదే తీసుకోండి, రోజంతా నది కనిపిస్తుంది" అని రాశాను. అది తప్పు.

నౌక నడుస్తున్నంతసేపే ఆ మాట నిజం. బుడాపెస్ట్, వియన్నా లాంటి రద్దీ రేవుల్లో చోటు చాలక నౌకలను ఒకదాని పక్కన ఒకటి ఆనించి కట్టేస్తారు. అప్పుడు మీ బాల్కనీకి ఎదురుగా ఉండేది నది కాదు, పక్క నౌకవాళ్ల గది. కర్టెన్ లాగేసుకోక తప్పదు. ఒడ్డుకు దిగాలన్నా ఒక్కోసారి ఆ నౌక లాబీలోంచే నడిచి వెళ్లాలి. క్రూజ్ కంపెనీలు బుకింగ్ నిబంధనల్లోనే ఈ సంగతి చెబుతాయి, వెళ్లొచ్చినవాళ్లూ ఇదే అంటున్నారు.

పై డెక్ ఉందిగా అనుకుంటే, తక్కువ ఎత్తు వంతెనలు వచ్చినప్పుడు దాన్నీ మూసేస్తారు. రెయిలింగులు, గొడుగులు మడిచేసి, చాలా నౌకల్లో కెప్టెన్ నౌకను నడిపే క్యాబిన్‌ను కూడా కిందికి దించుతారు. (అది మాత్రం చూసి తీరాల్సిన తమాషా.)

బడ్జెట్ బిగుతుగా ఉంటే కింది డెక్‌లో కిటికీ గది చాలు. కాకపోతే ఆ కిటికీ చిన్నది, నీటి మట్టానికి కాస్త పైన ఉంటుంది, సాధారణంగా తెరుచుకోదు.