ఎలా తిప్పాలో కూడా చెప్పండి
మంచం పట్టిన పెద్దవాళ్లకు పడక పుండ్లు రాకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని మీ వ్యాసంలో రాశారు, నిజమే. కానీ పూర్తిగా పక్కకు తిప్పేస్తే బరువంతా తుంటి ఎముక మీదే పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలుగా ఉంచితే చాలు. మా అమ్మ వార్డులో ఉన్నప్పుడు ఓ నర్సమ్మ పిక్కల కింద దిండు పెట్టి, మడమలు పరుపుకు తగలట్లేదని అరచెయ్యి దూర్చి మరీ చూసుకునేవారు. ఎర్రబడిన చోట నొక్కినా తెల్లబడకపోతే పడక పుండు మొదలైనట్టే, అక్కడ రుద్దకండి. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనపడదు కాబట్టి వేడిగానో గట్టిగానో ఉందేమో తడిమి చూడాలి. ఎయిర్ బెడ్ వేసినా తిప్పడం మానకూడదు. మన దగ్గర ఆ పని చాలావరకు ఇంటివాళ్లదే, ఆసుపత్రిలో చేర్చుకున్న రోజే వాళ్లకు చేసి చూపించాలి.