అమీర్‌పేటకు నష్టపరిహారం చెల్లించాలి

కృత్రిమ మేధ వచ్చి ఉన్నత విద్య భ్రష్టుపట్టిపోయిందని పెద్దలు సభలు పెట్టి వాపోతున్నారు. శాలువాలు కప్పించుకుని మరీ వాపోతున్నారు. ఆ సభల్లో ఒక్కరైనా హైదరాబాద్ అమీర్‌పేట ఊసెత్తితే ఒట్టు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైన నాటి నుంచి పొట్టమీద దెబ్బ తిన్నది ప్రొఫెసర్లు కాదు. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టులు అమ్ముకుని బతికినవాళ్లు.

వాళ్లు విద్యకు చేసిన సేవను మరిచిపోతే పాపం తగులుతుంది. మెట్లెక్కి వెళ్లగానే, హోటల్లో మెనూ ఇచ్చినట్టు, ఆ ఏడాది ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంస్థ పత్రికల్లో వచ్చిన పరిశోధన పత్రాల టైటిళ్ల జాబితా చేతికిచ్చేవారు. బేరం కుదిరితే అబ్‌స్ట్రాక్టు, ప్రాజెక్టుకు ఆధారమైన బేస్ పేపరు, కోడు, పీపీటీ, బంగారు అక్షరాల బైండింగు అన్నీ కలిపి ఒకటే రేటు. బ్యాచ్‌లో నలుగురుంటే తలా ఇంత వేసుకునేవారు. ఆ ప్రాజెక్టుల పుణ్యమాని, ముఖాన్ని గుర్తుపట్టి హాజరు వేసే వ్యవస్థను మన కాలేజీలు ఏటేటా కొత్తగా కనిపెట్టాయి. ఆ కాలేజీల్లో చాలాచోట్ల హాజరు మాత్రం నేటికీ ‘ఎస్ సార్’ మీదే నడుస్తోంది.

అన్నిటికన్నా గొప్పది, వైవాకు, అంటే ప్రాజెక్టు మీద జరిగే మౌఖిక పరీక్షకు ముందు ఆ సెంటర్లో జరిగే ఎక్స్‌ప్లనేషన్ క్లాసు. ఏ మాడ్యూలు ఏ పని చేస్తుంది, వేరే కాలేజీ నుంచి పరీక్షకుడిగా వచ్చే ఎక్స్‌టర్నల్ ఏమి అడుగుతారు, అడిగితే ఏమి చెప్పాలి, అన్నీ బోర్డు మీద రాసి చెప్పేవారు. నాలుగేళ్ల ఇంజినీరింగులో కొందరికి దక్కిన అసలైన పాఠం అదొక్కటే. అడిగితే చాట్‌జీపీటీ కూడా ఓపికగా చెబుతుంది. కానీ అడిగేదెవరు? అమీర్‌పేటలో డబ్బు కట్టారు కాబట్టి రాబట్టుకోవాలన్న పట్టుదల ఉండేది.

కొత్త యంత్రం వల్ల మేలు జరగలేదని కాదు. ఎంటెక్, పీహెచ్‌డీ థీసిస్‌లలో ఇతరుల రాతలతో పది శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదని 2018లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) నిబంధన తెచ్చింది. పాత థీసిస్‌లోంచి పేజీలకు పేజీలు దించుకునేవారికి ఆ పది శాతం గుండెల్లో రాయిలా ఉండేది. ఇప్పుడు ఎన్నిసార్లు అడిగినా యంత్రం కొత్త వాక్యాలే రాసిస్తోంది. మన విశ్వవిద్యాలయాల్లో స్వతంత్ర రచన ఇంతగా వికసించిన కాలం మరొకటి లేదు.

కాలేజీలూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అసైన్‌మెంట్లు చేత్తోనే రాయాలని సర్క్యులర్లు తీశాయి. ఏ4 కాగితం, పెన్సిలుతో మార్జిను, శీర్షికకు నల్ల ఇంకు, జవాబుకు నీలి ఇంకు. ఏ హాస్టల్ గదిలోకైనా రాత్రి పదకొండుకు తొంగి చూడండి. ఫోనును నీళ్ల సీసాకు ఆనించి, తెర ఆరిపోకుండా ఎడమ చేత్తో తడుతూ, కుడి చేత్తో దించుకుంటున్నారు. ‘ఇంకేమైనా వివరించమంటారా?’ అని యంత్రం అడిగిన చివరి వాక్యాన్ని కూడా నీలి ఇంకుతో ముత్యాల్లా రాసి, కింద స్కేలుతో గీత కొడుతున్నారు. దాని పక్కనా ఎర్ర టిక్కు పడుతోంది.

యంత్రాన్ని పట్టుకోవడానికి ఇంకో యంత్రాన్ని నమ్ముకున్నవారూ ఉన్నారు. చాట్‌జీపీటీని కన్న ఓపెన్‌ఏఐయే 2023 జనవరిలో అలాంటిదొకటి విడుదల చేసింది. యంత్రం రాసిన వందలో 26 పట్టుకుంది, మనుషులు రాసిన వందలో 9 యంత్రానివే అంది. జూలైకల్లా దాన్ని మూసేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిషు మాతృభాష కానివారు టోఫెల్ అనే ఇంగ్లిషు పరీక్షలో రాసిన వ్యాసాలను ఇలాంటి సాధనాలకు చూపిస్తే, సగటున 61 శాతం యంత్రం పనేనని తేల్చాయి. తేలిక మాటలతో రాయడమే వాళ్లు చేసిన నేరం. అంటే ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, కిందా మీదా పడి చిన్న చిన్న ఇంగ్లిషు వాక్యాలు తప్పుల్లేకుండా రాయడం నేర్చుకున్న కుర్రవాడు ఇకమీదట యంత్రం. యంత్రంతో రాయించి, రెండు స్పెల్లింగులు చెడగొట్టి ఇచ్చినవాడు మనిషి.

అధ్యాపకుల కష్టం మాత్రం నిజంగానే తీరింది. కాలేజీలకూ కోర్సులకూ నాణ్యత గుర్తింపునిచ్చే న్యాక్ బృందమో ఎన్‌బీఏ బృందమో వస్తోందంటే కోర్సు ఫైళ్ల కోసం స్టాఫ్‌రూములో రాత్రిళ్లు జాగారాలు నడిచేవి. కోర్సు లక్ష్యాలకూ ప్రోగ్రాం లక్ష్యాలకూ ఎంత సంబంధముందో అంకెలతో ముడిపెట్టే పట్టికలో ఫలానా గడిలో 3 ఎందుకు వేశారు, 2 ఎందుకు వేయలేదు అంటే ఇంతవరకు ఏ మానవుడూ చెప్పలేకపోయాడు. ఇప్పుడు యంత్రం అర పేజీలో చెబుతోంది. బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు చాట్‌జీపీటీతో నోట్సు తయారుచేశారని ఒక విద్యార్థిని 8,000 డాలర్లకు పైగా ఫీజు వాపసు అడిగిందని, యాజమాన్యం ఇవ్వలేదని 2025లో పత్రికలు రాశాయి. మన యాజమాన్యాలకు ఆ బెడద లేదు. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిలు వస్తే కదా, వాపసు సంగతి!

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. పీహెచ్‌డీ లేకున్నా అనుభవం ఉన్నవారిని ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’గా తీసుకోవచ్చని యూజీసీ 2022లోనే దారి చూపింది. పదిహేనేళ్ల అనుభవం కావాలంది. అమీర్‌పేటలో అంతకాలంగా అదే ప్రాజెక్టును వివరిస్తున్నవారు దొరక్కపోరు. వాళ్లను నియమించి, కనీసం వైవాలైనా అప్పగించాలి. ప్రశ్నలూ జవాబులూ రెండూ తెలిసినవారు వాళ్లే.

పిల్లవాడిని ఎదురుగా కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడితే ఎవరు రాశారో తేలిపోతుందని కొందరు అమాయకులు అంటున్నారు. సెక్షనుకు 60 మంది. మనిషికి పది నిమిషాలంటే పది గంటలు. ఎక్స్‌టర్నల్ వచ్చేదే పదకొండుకు. ప్రిన్సిపల్ గదిలో టీ, ఒంటిగంటకు బిర్యానీ, ఆపైన మార్కుల పట్టిక, నాలుగున్నరకు బస్సు. పైగా వచ్చే వారం మన విభాగాధిపతి (హెచ్‌ఓడీ) వాళ్ల కాలేజీకి ఎక్స్‌టర్నల్‌గా వెళ్లాలి, మొహమాటం ఉంటుంది. అందుకే బ్యాచ్‌కు ఒకటే ప్రశ్న: ‘ఇందులో మీరు చేసింది ఏమిటి?’ ముగ్గురు నాలుగోవాడి వైపు చూస్తారు. నాలుగోవాడు జేబులోని ఫోను తడుముకుంటాడు. ఎక్స్‌టర్నల్ గడియారం చూసి, ‘గుడ్, నెక్స్ట్ బ్యాచ్’ అంటారు.