రెయిడ్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టేనా?

చిన్న ఆఫీసుల కోసం ఒక సలహా చాలాకాలంగా చేతులు మారుతోంది. నాకే నలుగురు పంపారు. సారాంశం ఇది: "పదిమంది ఉన్న ఆఫీసుకి సర్వర్ దండగ. రెండు డిస్కుల నాస్ బాక్స్ కొనండి. రెయిడ్ 1 పెడితే ఒక డిస్కు పోయినా డేటా భద్రం. పైన క్లౌడ్ సింక్ ఆన్ చేస్తే బ్యాకప్ కూడా అయిపోయినట్టే. ఒకసారి సెట్ చేసి మర్చిపోవచ్చు." నాస్ అంటే ఆఫీసు నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె. రెయిడ్ అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి. అందులో రెయిడ్ 1 ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ రాస్తుంది, దాన్నే మిర్రర్ అంటారు.

"సర్వర్ దండగ" అన్నదాంట్లో సగం నిజం ఉంది. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు, స్కాన్ చేసిన కాగితాలు నలుగురూ పంచుకోవడమే పనైతే నాస్ చాలు. కానీ అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ఒకేసారి ఐదుగురు వాడుతుంటే కథ వేరు. డేటాబేస్ ఫైలును షేర్డ్ ఫోల్డర్లో పెట్టి అందరి కంప్యూటర్ల నుంచీ నేరుగా తెరిస్తే, ఎంట్రీ రాస్తున్న క్షణంలో నెట్‌వర్క్ తెగితే చాలు, ఫైలు చెడిపోవచ్చు. అలాంటిచోట డేటాబేస్‌ను నడిపే యంత్రం ఒకటి విడిగా ఉండాల్సిందే. అది ఖరీదైన సర్వరే కానక్కర్లేదు, మంచి డెస్క్‌టాప్ అయినా సరే. కరెంటు పోతే దానంతటది పద్ధతిగా షట్‌డౌన్ అయ్యేలా యూపీఎస్ కలిపి ఉండాలి, అంతే.

అసలు పేచీ రెయిడ్ దగ్గర.

రెయిడ్ అన్న పేరు పెట్టింది అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ పరిశోధకులు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్. 1988 నాటి వాళ్ల పత్రం చూస్తే దాని ఉద్దేశం తెలుస్తుంది. ఒక పెద్ద ఖరీదైన డిస్కు బదులు చవక డిస్కులు చాలా వాడదాం అన్నారు. డిస్కులు ఎక్కువైతే ఏదో ఒకటి పాడయ్యే అవకాశమూ ఎక్కువే. అందుకని అదనపు డిస్కులు పెట్టి, ఒకటి పోయినా డేటా పోకుండా చూశారు. డిస్కు చచ్చిపోవడం అన్న ఒక్క సమస్యకి అది మందు. ఆ పని బాగానే చేస్తుంది, నేనూ వాడతాను.

కానీ ఆఫీసుల్లో డేటా పోయేది డిస్కు చావడం వల్ల మాత్రమే కాదు. నేను చూసిన ఒక ఆఫీసులో ఎవరో ధరల పట్టికలో ఒక్క కాలమ్‌ను మాత్రమే సెలక్ట్ చేసి సార్ట్ కొట్టారు. పేర్లు ఉన్నచోటే ఉన్నాయి, ధరలు మాత్రం కలగాపులగం అయిపోయాయి. సేవ్ చేశారు. రెండు డిస్కులూ ఆ తప్పును అదే క్షణంలో, అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాయి. మిర్రర్ అంటే అద్దమేగా, నిన్నటి మొహం చూపించమంటే ఎలా చూపిస్తుంది?

దొంగ ఎత్తుకుపోయినా, నీళ్లు కారినా, పిడుగుపాటుకి బోర్డు కాలినా రెండు డిస్కులూ ఒకే పెట్టెలో ఉన్నాయి. ఇక రాన్సమ్‌వేర్. 2021లో క్యూలాకర్, 2022లో డెడ్‌బోల్ట్ దాడి చేసింది సరిగ్గా ఇలాంటి నాస్‌ల మీదే. ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టిన క్యూనాప్ కంపెనీ నాస్ బాక్సుల్లోకి దూరి ఫైళ్లకు తాళాలేసి డబ్బు అడిగాయి. నాస్‌లో స్నాప్‌షాట్లు, అంటే ఫలానా సమయానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో దాచిపెట్టే నకళ్లు, ఉంటాయి కదా అంటారు. పొరపాటున డిలీట్ చేసినదానికి అవి బ్రహ్మాండంగా పనికొస్తాయి, తప్పకుండా ఆన్ చేయండి. కానీ అవీ ఆ పెట్టెలోనే ఉంటాయి, అడ్మిన్ పాస్‌వర్డ్ దొరికినవాడు వాటినీ తుడిచేయగలడు.

"క్లౌడ్ సింక్ అంటే బ్యాకప్పే." సింక్ పని రెండుచోట్లా ఒకేలా ఉంచడం. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్. ట్రాష్ ఉంటుంది, నిజమే. గూగుల్ డ్రైవ్‌లో 30 రోజులు, ఆఫీసు ఖాతా వన్‌డ్రైవ్‌లో మామూలుగా 93 రోజులు. పైన చెప్పిన ధరల పట్టిక సంగతి బయటపడింది దాదాపు నలభై రోజులకి. వాళ్ల క్లౌడ్ పాత వెర్షన్లు ఉంచేది 30 రోజులే. పాత ప్రింటవుట్లు ముందేసుకుని, ఇద్దరు కూర్చుని మళ్లీ టైప్ చేశారు.

వెనక్కి తెచ్చుకునే టైమ్ కూడా లెక్కేయండి. 100 ఎంబీపీఎస్ లైను పూర్తి వేగంతో నడిచినా ఒక టెరాబైట్ దిగడానికి 22 గంటలు పైనే. అంతసేపు ఆఫీసు ఆగగలదా? ఎంత పని పోతే మళ్లీ చేసుకోగలరు, ఎన్ని గంటలు ఖాళీగా కూర్చోగలరు? యంత్రం కొనేముందు ఓనర్‌ని నేను అడిగే ప్రశ్నలు ఈ రెండే.

క్లౌడ్ వద్దని కాదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటాసెంటర్ తగలబడినప్పుడు, బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్న కొందరు రెండూ పోగొట్టుకున్నారు. దూరంగా, వేరే ఖాతాలో ఉంటేనే అది కాపీ. నేను చెప్పే ఏర్పాటు మామూలుదే: నాస్ నుంచి రోజూ రాత్రి యూఎస్‌బీ డిస్కుకి బ్యాకప్, అలాంటి డిస్కులు రెండు. ఒకటి తగిలించి ఉన్నప్పుడు రెండోది ఓనర్ ఇంట్లో, వారానికోసారి మార్పిడి. దాంతోపాటు క్లౌడ్‌లో ఒక బ్యాకప్, అందులో పాతవాటిని తుడిచే అధికారం నాస్‌కి ఉండకూడదు. నెలకొక కాపీ చొప్పున ఏడాదివి ఉంచాలి. డేటాబేస్‌ను మాత్రం నడుస్తుండగా ఫైలుగా కాపీ చేయొద్దు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బ్యాకప్ ఆప్షన్‌తోనే తీయాలి.

"సెట్ చేసి మర్చిపోండి" అన్నది అన్నిటికన్నా ప్రమాదం. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే తుడిచేశాడు. వాళ్లకి రకరకాల బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నాయి. తీరా చూస్తే రోజువారీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతూ వస్తోంది, ఫెయిలైందని చెప్పాల్సిన ఈమెయిళ్లు తిరస్కరణకు గురవుతున్నాయి. అంతకు ఆరు గంటల ముందు అదృష్టవశాత్తూ తీసిన స్నాప్‌షాట్ ఒకటి వాళ్లని గట్టెక్కించింది. అంతమంది ఇంజినీర్లున్న చోటే అలా జరిగింది.

మూడు నెలలకోసారి ఒక ఫోల్డర్‌ను, ఏడాదికోసారి మొత్తాన్ని, వేరే కంప్యూటర్ మీదికి తెచ్చి తెరిచి చూడండి. ఒక ఆఫీసులో మొదటిసారి ఈ పరీక్ష పెట్టినప్పుడు బ్యాకప్ నిక్షేపంగా ఉంది, ఎన్‌క్రిప్ట్ చేసి మరీ ఉంది. దాని పాస్‌వర్డ్ రాసిపెట్టిన ఫైలు మాత్రం ఆ నాస్‌లోనే ఉంది.