వేగం నుంచి మనల్ని కాపాడుతున్నదెవరు?

కంప్యూటర్ చిప్పులు తయారు చేసేవాళ్లకు బాధ్యత లేదు. ఏటా ప్రాసెసర్ వేగం పెంచేస్తారు, ర్యామ్ రెట్టింపు చేస్తారు, హార్డ్ డిస్క్ పీకేసి అంతకన్నా చురుకైన ఎస్ఎస్‌డీ పెడతారు. బటన్ నొక్కగానే మెషిన్ లేచి కూర్చుంటే ఉద్యోగి టీకి ఎప్పుడు వెళ్లాలి? పక్క సీటుతో లోకాభిరామాయణం ఎప్పుడు మొదలెట్టాలి? ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టి, హార్డ్‌వేర్ ఇచ్చిన వేగం మన దాకా రాకుండా అడ్డుపడుతున్న త్యాగమూర్తి ఆపరేటింగ్ సిస్టమ్, అంటే విండోస్ లాంటి, కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్. దానికి ఇంతవరకు ఒక్క శాలువా కప్పినవాళ్లు లేరు.

లెక్కలు చూడండి. 1995లో విండోస్ 95 కనీసం 4 మెగాబైట్ల ర్యామ్ ఉంటే చాలంది. 2021లో వచ్చిన విండోస్ 11 కనీసం 4 గిగాబైట్లు ఉండాలంది. ఇరవయ్యారేళ్లలో వెయ్యి రెట్లు! అయినా నొక్కిన ఫోల్డర్ తెరుచుకునే లోపు మనం నిట్టూర్చే వ్యవధి మాత్రం చెక్కుచెదరలేదు. పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాష రూపొందించిన నిక్లావుస్ విర్త్ సరిగ్గా ఆ 1995లోనే, హార్డ్‌వేర్ వేగం పెరిగే దానికన్నా త్వరగా సాఫ్ట్‌వేర్ నెమ్మదిస్తోందని ఓ వ్యాసంలో వాపోయారు. పాపం, పెద్దాయన దాన్ని జబ్బు అనుకున్నారు.

ఈ సేవలో ప్రాణాలర్పించిన ఘట్టం కూడా ఉంది. తొంభైల చివర్లో ఏఎండీ కంపెనీ కే6-2 అనే చిప్ తెచ్చింది. 350 మెగాహెర్ట్జ్, ఆపైన. విండోస్ 95 మేలుకునేటప్పుడు, ఈ మెషిన్ ఎంత చురుకైనదో తేల్చుకోవడానికి ఒక చిన్న లూప్‌ను, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్‌ను, ఇన్నిసార్లని తిప్పి, పట్టిన సమయంతో భాగించేది. ఈ చిప్ ఆ పని ఎంత తొందరగా ముగించిందంటే, లెక్కలో ఒక్క మిల్లీసెకను కూడా గడవలేదు. పట్టిన సమయం సున్నా. సున్నాతో భాగించకూడదని బడిపిల్లలకు కూడా తెలుసు కదా, విండోస్ అక్కడికక్కడే కూలిపోయింది. తెర మీద ‘విండోస్ ప్రొటెక్షన్ ఎర్రర్’ అని మరణ వాంగ్మూలం. కంప్యూటర్ మరీ వేగంగా ఉంది కాబట్టి స్టార్ట్ కాలేదన్నమాట! తర్వాత ప్యాచ్ అనే అతుకు ఒకటి విడుదల చేసి విషయం సర్దుబాటు చేశారు గానీ, అంతటి నిబద్ధత మళ్లీ చూడలేదు.

అంతకుముందు తరం పీసీలకు టర్బో బటన్ ఉండేది. పేరు టర్బో, అసలు ప్రయోజనం వేగం తగ్గించుకోవడం. తొలి ఐబీఎం పీసీ నడిచే 4.77 మెగాహెర్ట్జ్‌ను నమ్ముకుని రాసిన గేములు కొత్త చిప్పుల మీద కంటికి ఆనకుండా పరుగెత్తేవి మరి. ఇప్పుడు ఆ బటన్ కనపడదు. ఆ బాధ్యత కూడా సిస్టమే తీసుకుంది.

సంప్రదాయం విషయంలోనూ దీన్ని వేలెత్తి చూపలేం. డ్రైవ్‌లకు పెట్టే పేర్లలో ఏ, బీ అక్షరాలు పాతకాలపు ఫ్లాపీ డిస్కులవి. ఫ్లాపీలు పోయి ఎన్నేళ్లయినా మన డిస్క్ ఈనాటికీ సీ డ్రైవే. ఇక డిస్కులో ఫైళ్లను అమర్చే ఫ్యాట్32 పద్ధతి 2 టెరాబైట్ల దాకా మోయగలిగినా, 32 గిగాబైట్లు దాటితే ఆ పద్ధతిలో ఫార్మాట్ చేయనని విండోస్ దశాబ్దాలపాటు భీష్మించింది. ఆ ఫార్మాట్ పెట్టెను తానే తొంభైలలో తాత్కాలికంగా రాసి పడేశానని డేవ్ ప్లమర్ అనే మాజీ మైక్రోసాఫ్ట్ ఇంజనీరు చెప్పారు. 2024లో పరీక్ష వెర్షన్లలో ఆ పరిమితి సడలించారు, అదీ ఆదేశాలు టైప్ చేసే కమాండ్ లైన్‌లో మాత్రమే. మన దగ్గర తాత్కాలిక పద్ధతిలో చేరిన ఉద్యోగులు ఈ వార్త చదివి ధైర్యం తెచ్చుకోవచ్చు.

విండోస్ 11 వచ్చేసరికి దశ తిరిగింది. హార్డ్‌వేర్‌కు తగ్గట్టు సిస్టమ్ మారడమనే పాతకాలపు అణకువ పోయింది. సిస్టమ్‌కు తగ్గట్టు హార్డ్‌వేరే మారాలి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైదే కావాలి. 2016లో కొన్న కంప్యూటర్ శుభ్రంగా నడుస్తోందా? అదే దాని నేరం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ కూడా ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల మన హైదరాబాద్‌వారు. వడ్డించేవాడు మనవాడేగా, కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదనుకున్నాం. విస్తరికే టీపీఎం ఉండాలట.

ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌కు ఈ క్రమశిక్షణ బొత్తిగా లేదు. తాను 1991లో కళ్లు తెరిచిన ఇంటెల్ 386 చిప్‌ను వదులుకోవడానికే 2012 దాకా ఆగింది. ఇతరులు పారేసిన ల్యాప్‌టాప్‌లను చేరదీసి, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో ఓ ఎస్ఎస్‌డీ వేయిస్తే చాలు, ఇంకో అయిదేళ్లు లాగించేస్తోంది. కొత్త సరుకు కొనేదెవరు? ఆర్థిక వ్యవస్థ ఏమైపోవాలి?

మైక్రోసాఫ్ట్ మాత్రం ముందుచూపున్న సంస్థ. ఏఐ పనులకు తగిన ‘కోపైలట్ ప్లస్ పీసీ’ అనిపించుకోవాలంటే 16 గిగాబైట్ల ర్యామ్, సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ఎన్‌పీయూ అనే ఏఐ ప్రాసెసర్ ఉండాలని 2024లోనే తేల్చేసింది. ఆ శక్తితో పెయింట్‌లో బొమ్మలు వేయించుకోవచ్చు. ఇక కనీస ర్యామ్ ఇరవయ్యారేళ్లకు వెయ్యి రెట్లు పెరుగుతుందన్న లెక్క ఇలాగే సాగితే, స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండే 2047 నాటికి అది 4 టెరాబైట్లకు చేరాలి. బుద్ధిమంతులు ఇప్పుడే చీటీ కట్టడం మొదలుపెడితే మంచిది. చీటీ పాట పాడుకోవడానికి తొందరపడకండి, ఆ చీటీ కంపెనీ వెబ్‌సైట్ తెరుచుకోవడానికి ఎలాగూ టైమ్ పడుతుంది.