తిట్లు తినాల్సింది రాగి తీగేనా?

టెలిఫోన్ తీగ మీద వచ్చే ఇంటర్నెట్ పేరెత్తగానే పెదవి విరిచేవారిని చూస్తే నాకు చిరాకు వేస్తుంది. అది చాలా ఇళ్ళలో నత్తనడక నడిచిన మాట నిజమే గానీ, ఆ పాపంలో ఎక్కువ భాగం తీగ సంగతి తెలిసి కూడా చెప్పకుండా కనెక్షన్లు అమ్మినవారిదేనని నా అభిప్రాయం.

మనిషి మాటకు ఆ జంట తీగలో 4 కిలోహెర్ట్జ్ లోపు చోటు సరిపోతుంది. టెలిఫోన్ తీగ మీద ఇంటర్నెట్ నడిపే ఏడీఎస్ఎల్ అనే పద్ధతి ఆ పైన ఖాళీగా ఉన్న భాగాన్ని వాడుకుంటుంది: సుమారు 26 నుంచి 138 కిలోహెర్ట్జ్ దాకా ఇంటి నుంచి వెళ్ళే సమాచారానికి, అక్కడి నుంచి 1,104 దాకా ఇంటికి వచ్చేదానికి. ఆ మేరనంతా 4.3125 కిలోహెర్ట్జ్ చొప్పున సన్నని పాయలుగా చీల్చి, ఏ పాయ ఎంత మోయగలదో మన మోడెమ్, ఎక్స్ఛేంజీలో తీగ అవతలి కొసన ఉండే డీస్లామ్ అనే యంత్రం తేల్చుకున్న తరువాతే లింకు లైటు నిలకడగా వెలుగుతుంది. కేవలం మాటల కోసం వేసిన తీగతో ఇంత పని చేయించిన ఇంజనీర్లకు దండం పెట్టాలి.

అయితే దూరం పెరిగేకొద్దీ రాగిలో సంకేతం బలహీనపడుతుంది, అందులోనూ పై పౌనఃపున్యాలు ముందుగా చచ్చిపోతాయి. ఈ పద్ధతికే మెరుగైన రూపమైన ఏడీఎస్ఎల్ 2 ప్లస్‌కు చెప్పే 24 మెగాబిట్లు ఎక్స్ఛేంజీ పక్కనున్నవారి అదృష్టం. నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్నవారికి అందులో చిన్న భాగం దక్కితే గొప్ప. లైన్ ఎంత పొడవో కొలిచి ఈ ముక్క ముందే చెప్పవచ్చు, కానీ చెప్పరు. నిలదీద్దామంటే, 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం 256 కిలోబిట్లు వచ్చినా అది బ్రాడ్‌బ్యాండే అనిపించుకునేది. ఆ కనీసం 2 మెగాబిట్లకు పెరగడానికి 2023 రావలసి వచ్చింది.

ఇక నిర్వహణ సంగతి. మా వీధిలో వాన పడితే జాయింటులోకి నీరు చేరి ఫోనులో గరగర మొదలయ్యేది, ఎవరైనా ఫోన్ చేసి గంట మోగగానే మోడెమ్ లైటు ఆరిపోయేది. గంటకు, లైటుకు ఉన్న ఆ సంబంధమే ఎక్కడో అతుకు వదులైందని, లేదా మాటను, ఇంటర్నెట్‌ను విడదీసే స్ప్లిటర్ సరిగా లేదని చెబుతుంది. ఫిర్యాదు చేస్తే మాత్రం "మోడెమ్ మార్చండి సార్" అన్న సమాధానమే! ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఇప్పటికీ రాగి లైన్ మీదే ఉన్నవారు మోడెమ్ సెట్టింగుల పేజీ తెరిచి అటెన్యుయేషన్ (దారిలో సంకేతం ఎంత తగ్గిందో చెప్పేది), నాయిస్ మార్జిన్ (గరగరను తట్టుకునే వెసులుబాటు ఇంకా ఎంత మిగిలిందో చెప్పేది) అనే రెండు అంకెలు చూడండి. మొదటిది ఎప్పటిలాగే ఉండి, రెండోది వాన పడినప్పుడల్లా 6 డెసిబెల్స్ కన్నా కిందికి పడిపోతుంటే, దూరం మీద నెపం వేయడానికి వీల్లేదు. ఆ అంకెలను ఫిర్యాదులో రాసి, జాయింట్లు చూసేదాకా దాన్ని మూసివేయనివ్వకండి.